‘మిగిలినది’ గడి

ఆ రోజు పొద్దుట ఏ పని ఎప్పుడు జరగాలో ముందురోజే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఏడింటికి లేవడం, ఏడున్నరకి స్నానం, ఎనిమిదింటికి గుడ్డు, ఎనిమిదీ ముప్పావుకి బయల్దేరడం, తొమ్మిదిన్నరకి పిల్లల క్లినిక్‌లో తూకం. రాసింది అమ్మమ్మ కూతురు. ఆమె బట్టలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టర్. టేపు పెట్టి కొలవందే గుడ్డనీ నమ్మదు, మనిషినీ నమ్మదు. ‘గుడ్డు’ అన్న మాట కింద రెండు గీతలు కూడా గీసింది.

అమ్మమ్మ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. ఆమె బడికి వెళ్ళి చదువుకున్న మనిషి కాదు. సరుకులు కట్టిన పొట్లాల కాగితాల మీద అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తనంతట తానే నేర్చుకుంది. అందుకే రాసి ఉన్న మాటంటే ఆమెకి గౌరవం ఎంతో, భయమూ అంతే. అయితే ఆ కాగితంలో లేని పని ఒకటి ఆమె మనసులో ఉంది. దానికి ఎనిమిదీ ముప్పావు లోపల, ఎవరూ చూడకుండా, రెండు నిమిషాలు చాలు.

తూగాల్సింది మనవరాలు. మూడున్నరేళ్ళది. దాని తిండి చూసి తండ్రి ‘పిచ్చుక’ అన్నాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. పోయిన నెల తూకంలో పిచ్చుక పన్నెండు కిలోల ఎనిమిది వందల గ్రాములుంది. “కాస్త తిండి చూసుకోండి” అంది అక్కడి డైటీషియన్. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెప్పే మాటే అది. కూతురు మాత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తీర్పు చెప్పేసింది.

“ఒక్క నెల చూస్తానమ్మా. బరువు పెరిగిందా, సరే. లేకపోతే పొద్దుణ్ణించి సాయంత్రం దాకా క్రెష్‌లో వేసేస్తాను. నలుగురు పిల్లల మధ్య కూచుంటే అదే తింటుందట.”

“మరి నేనో?”

“నువ్వొక్కదానివీ ఇక్కడ గోడలు చూస్తూ కూచోడం ఎందుకు? తమ్ముడి దగ్గర కొన్నాళ్ళుండు.”

ఆ తమ్ముడంటే అమ్మమ్మ కొడుకు. అతని ఊరు రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ. అయినా అమ్మమ్మ భయపడింది రైలుకి కాదు, ‘కొన్నాళ్ళు’ అన్న మాటకి. కొన్నాళ్ళుండొస్తానని వెళ్ళిన ఆమె అక్క ఉత్తరాల్లోనే ముసలిదైపోయింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని గుమ్మం దిగిన భర్తకి వడ్డించిన కంచం ఆ రోజు అలాగే చల్లారిపోయింది. అప్పట్నించీ ఎవరు గడప దాటుతూ “వెళ్తున్నా” అన్నా ఆమె ఒప్పుకోదు. “వెళ్ళొస్తా” అనేదాకా చెయ్యి వదలదు. గ్యాస్ బండ వేసి వెళ్ళే మనిషి చేత కూడా అనిపిస్తుంది.

అందుకే ఆ నెలంతా ఆమెకి పిచ్చుక బరువొక్కటే లోకమైపోయింది.

క్లినిక్ వాళ్ళు ఒక కరపత్రం ఇచ్చారు. ‘పూటకి అన్నం పిడికెడు, పప్పో గుడ్డో పిడికెడు, కూరగాయలు పిడికెడు. బలవంతం చేయవద్దు’ అని ఉంది అందులో. దాంతోపాటు ఒక చార్టు. తేదీ, పూట, పెట్టినది, మిగిలినది, ఇవీ గడులు. “ఎంత తిందీ అని అడిగితే ఇంట్లోవాళ్ళు కంగారులో ఎక్కువ రాసేస్తారు. ఎంత మిగిలిందీ అని అడిగితే నిజం రాస్తారు” అంది డైటీషియన్. ఆవిడ మనుషుల్ని పుస్తకాల్లో చదువుకుంది.

పొద్దుటి పూట కూతురిది. మధ్యాహ్నం అమ్మమ్మది. రాత్రి పూట అల్లుడిది. అతను వడ్రంగి, మంచాలూ తలుపులూ చేస్తాడు. మాట తక్కువ, చెయ్యి పెద్దది.

మొదటి రోజు మధ్యాహ్నం అమ్మమ్మ తన పిడికిలితో కొలిచి మూడు పిడికెళ్ళూ గిన్నెలో పెట్టింది. పిచ్చుక కాస్త అన్నం, కాస్త పప్పు, రెండు క్యారెట్ ముక్కలు తిని మూతి తుడుచుకుంది.

“చాలమ్మమ్మా. పొట్ట తలుపేసేసింది.”

“ఇంకోసారి కొట్టి చూడవే, తీస్తుందేమో.”

“లోపల్నించి గడియ పెట్టుకుంది.”

బలవంతం చేయవద్దని అచ్చులో ఉంది కాబట్టి అమ్మమ్మ బలవంతం చెయ్యలేదు. గిన్నె చూస్తే నిండుగానే ఉంది. పారేద్దామంటే చెయ్యి రాలేదు. కిటికీ తెర లాగి, నిలబడే మొత్తం తినేసింది. తర్వాత పెన్సిలు తీసుకుని ‘మిగిలినది’ గడిలో ‘ఏమీ లేదు’ అని గుండ్రంగా రాసింది. అది అబద్ధం కాదు. కావాలంటే గిన్నె బోర్లించి చూపించగలదు.

సాయంత్రం కూతురు చార్టు చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. “ఏమీ మిగల్లేదా? నిజంగానా అమ్మా?”

“అదిగో గిన్నె. చూసుకో.”

కూతురు ఆమె మెడ చుట్టూ చేతులేసి బుగ్గ మీద ముద్దు పెట్టింది. అలా ముద్దు పెట్టి ఎన్నేళ్ళయిందో. ఆ తర్వాత ఇక ‘సగం మిగిలింది’ అని రాయడానికి పెన్సిలు కదల్లేదు. అమ్మమ్మ నెలంతా బఠానీలు తింది, బీన్సు తింది, జన్మలో ఎన్నడూ గిట్టని పాలకూర కళ్ళు మూసుకుని తింది. బట్టలు బిగుసుకుపోయాయి. కొలతల మనిషి ఊరుకుంటుందా? “అమ్మా, ఇవి కిందటి నెల నేను కుట్టినవేగా, ఇలా పట్టేశాయేం?” అని అడిగింది. “ఉతికితే ముడుచుకుపోయాయి” అంది అమ్మమ్మ. ఆ నెలలో ఆడిన నిఖార్సయిన అబద్ధం అదొక్కటే.

ముందురోజు సాయంత్రం మనసాగక, పిచ్చుకని పాత పేపర్లు కొనే దుకాణానికి తీసుకెళ్ళి తూకం మీద నిలబెట్టింది. “పాపని కూడా అమ్మేస్తారా పిన్నిగారూ?” అని నవ్వాడు దుకాణం ఆయన. అమ్మమ్మకి నవ్వు రాలేదు. ముల్లు సరిగ్గా పదమూడు దగ్గర ఆగింది. అంటే నెలంతా కలిపి రెండు వందల గ్రాములు. గుప్పెట్లో పట్టే చక్కెర పొట్లమంత. అంత మాత్రానికి తనని రైలెక్కించకుండా ఉంటారా?

ఎనిమిదీ ఇరవైకి కూతురు స్నానానికి వెళ్ళింది. అల్లుడు పెరట్లో ఉన్నాడు. అమ్మమ్మ పిచ్చుకకి మందపాటి జాకెట్టు తొడిగింది. దానికి లోపలి వైపు లోతైన జేబు ఉంది. చిన్నగా ఉండి బరువుగా ఉండే వస్తువు కోసం గదంతా చూసింది. గుమ్మం పక్కన మేకుకి, తాళంచెవుల గుత్తితో సహా పెద్ద ఇనప తాళంకప్ప వేలాడుతోంది. తీసి జేబులోకి జారవిడిచి బొత్తాం పెట్టేసింది.

“ఇదేంటమ్మమ్మా?”

“బలం.”

“బలం చల్లగా ఉంది.”

“కాసేపుంటే వెచ్చబడుతుందిలే. ఎవరికీ చెప్పకు.”

ఇరవై అయిదు నిమిషాల తర్వాత, అందరూ చెప్పులేసుకుని గుమ్మం బయట నిలబడ్డాక, కూతురు మేకు వైపు చెయ్యి చాపి ఆగిపోయింది.

“తాళం ఏది?”

అది వీధి తలుపు తాళమన్న సంగతి అమ్మమ్మకి అప్పుడు తట్టింది.

“రాత్రి నేనే తగిలించానే” అన్నాడు అల్లుడు. మంచం కింద చూశారు. సొరుగులన్నీ లాగారు. “అమ్మా, నువ్వు తీశావా?” అని కూతురు అడిగితే, “నాకెందుకే తాళం, ఇంట్లో ఉండేదాన్ని!” అంది అమ్మమ్మ. ఇంతలో పిచ్చుక, “అమ్మా, బలం ఏమో...” అని మొదలుపెట్టింది. అమ్మమ్మ చటుక్కున దాని నోట్లో అరటిపండు ముక్క పెట్టింది. ఆ నెల మొత్తంలో ఆ పిల్ల నోట్లోకి బలవంతంగా వెళ్ళినది ఆ ఒక్క ముక్కే.

“తొమ్మిదయిపోతోంది! ఈ నంబరు దాటితే మళ్ళీ నెలకి గానీ దొరకదు” అని కూతురు గింజుకుంది.

“ఉండు” అన్నాడు అల్లుడు. లోపలికెళ్ళి సుత్తి, నాలుగంగుళాల మేకులు రెండు తెచ్చాడు. తలుపు మూసి, తలుపునీ చట్రాన్నీ కలిపి రెండు మేకులు బిగించాడు. వీధి వీధంతా తలలు బయటపెట్టి చూసింది. తర్వాత సుత్తి ఎక్కడ పెట్టాలో తోచలేదు. బయట వదిలేస్తే ఎవరైనా పట్టుకుపోతారు, క్లినిక్‌కి తీసుకెళ్తే బాగుండదు. కిటికీ చువ్వల మధ్య నుంచి ఇంట్లోకి జారవిడిచాడు. ధన్‌మని శబ్దం వచ్చింది.

“మరి తిరిగొచ్చాక తలుపెలా తీస్తారండీ?” అంది కూతురు.

“దానికేముంది, సుత్తితో...” అంటూ ఆగి, కిటికీ వైపు చూశాడు. “ముందు నడవండి.”

బస్సు దాకా పిచ్చుక కాళ్ళీడ్చుకుంటూ నడిచింది. “కాళ్ళు లేవట్లేదు నాన్నా” అంటే తండ్రి కంగారుగా ఎత్తుకున్నాడు. బస్సులో ఒళ్ళో కూచోబెట్టుకుంటే అమ్మమ్మ తొడలు అదిరాయి. ఒక్క తాళంకప్ప ఇంత బరువుంటుందా? చేసిన తప్పే ఇలా బరువెక్కిందేమో అనుకుంది. పిల్ల గౌను అంచు కూడా గంటలా అటూ ఇటూ ఊగుతోంది. “కొత్త గుడ్డ, బిరుసుగా ఉంటుంది” అంది కూతురు, ఎవరూ అడగకుండానే.

క్లినిక్‌లో చలిగా ఉంది. “జాకెట్టూ బూట్లూ ఉంచండి, పర్లేదు, వాటి బరువు తీసేస్తాను” అని నర్సు పిచ్చుకని తూకమెక్కించింది. అంకెలు గబగబా పరుగెత్తి ఆగాయి. నర్సు వాటికి మూడు వందలు తీసేసి, పదిహేను కిలోల ఆరు వందలు అని రాసింది. రాసినదాన్ని తనే మళ్ళీ చదువుకుంది. డైటీషియన్‌కి ఇచ్చింది.

డైటీషియన్ ఆ అంకె చూసి, చార్టు తెరిచింది. ముప్పై రోజులు, తొంభై పూటలు. తొంభై గడుల్లోనూ ‘ఏమీ లేదు’. మధ్యాహ్నానివి గుండ్రని అక్షరాలు, పొద్దుటివి కొలిచినట్టున్న అక్షరాలు, రాత్రివి పలక మీద గీసినట్టున్న పెద్ద అక్షరాలు.

“ఇంత తిండి నేను కూడా తినలేనండీ” అంది నెమ్మదిగా, లేచి లోపలికెళ్ళి డాక్టరుని తీసుకొచ్చింది.

డాక్టరు పెద్దాయన. కళ్ళజోడు పైకి నెట్టి కాగితం చూశాడు. “నెలలో రెండు కిలోల ఎనిమిది వందలా? ఇది ఒళ్ళు చెయ్యడం కాదమ్మా. ఒంటికి నీరు పడుతోందేమో. కాళ్ళు బరువుగా ఉన్నాయంటుందా?”

“పొద్దుణ్ణించీ అంటోంది” అంది కూతురు.

“ముందు రక్తం తీద్దాం. పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను, ఈ రోజే చేర్పించండి. పాప దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. మిగతావాళ్ళు గేటు దగ్గరే ఆగిపోవాలి.”

గేటు దగ్గరే. నర్సు పిచ్చుక చెయ్యి చాపించి, రబ్బరు పట్టీ కట్టింది. సూది కాగితం చింపిన చప్పుడయింది. ఇప్పుడు నోరు విప్పితే తనకి రైలు ఖాయం. విప్పకపోతే ఆ చిన్న చేతికి సూది. క్రెష్‌లో దించిన పిల్ల సాయంత్రానికి ఇంటికొస్తుంది. ఆ పెద్దాసుపత్రి గేటు లోపలికెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరు చెప్పగలరు?

“అమ్మమ్మా” అంది పిచ్చుక చిన్నగా, “బలం తీసేస్తే సూది వెయ్యరా?”

“ఆగమ్మా నర్సమ్మా!” అని అమ్మమ్మ ముందుకురికింది. జాకెట్టు బొత్తాం తెంపినంత పని చేసి, తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టింది. తాళంచెవులు గలగలలాడాయి.

“తాళం!” అన్నారు కూతురూ అల్లుడూ ఒక్కసారే.

“నేనే పెట్టాను. నాకు రైలు టికెట్టు తీయించెయ్యవే, మారుమాట్లాడకుండా వెళ్ళిపోతాను. పిల్లని మాత్రం గుచ్చనివ్వకు.”

డాక్టరు తాళంకప్పని గుత్తితో సహా తూకం మీద పెట్టించాడు. సరిగ్గా కిలో. లెక్క వేసుకుని తల అడ్డంగా ఊపాడు. “అయినా కిలో ఎనిమిది వందలు పెరిగింది పెద్దమ్మగారూ. ఇదీ మామూలు కాదు. రక్తం తీయాల్సిందే.”

నర్సు మళ్ళీ సూది అందుకుంది. అమ్మమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. దాచింది బయటపెట్టేశాక ఇంకేముంది చెప్పడానికి? అప్పుడు వెనకనించి ఎవరో గొంతు సవరించుకున్నారు.

“ఒక్క నిమిషమండీ” అని అల్లుడు మోకాళ్ళ మీద కూచుని పిచ్చుక బూట్లు విప్పాడు. లోపలి అట్టలు పైకెత్తి, రెండేసి ఇనప పలకలు తీశాడు. మంచం కోళ్ళకి బిగించేవి. ఏడు వందల గ్రాములు.

“అల్లుడుగారూ, మీరు కూడానా?”

“మీరు వెళ్ళిపోతే ఇంట్లో నాతో మాట్లాడేదెవరత్తయ్యా?” అన్నాడతను, పలకల వైపు చూస్తూ. అతను ఆ ఇంట్లో ఎవరితోనైనా రోజుకి పది మాటలకి మించి ఆడగా ఎవరూ వినలేదు.

“ఇంకా కిలో వంద” అన్నాడు డాక్టరు.

అందరూ కూతురి వైపు తిరిగారు.

“నన్ను చూస్తారేం?” అందామె. ఎవరూ చూపు తిప్పలేదు. ఆమె కాసేపు గోడ మీది పళ్ళ బొమ్మలు చూసింది. తర్వాత చేతిసంచిలోంచి చిన్న కత్తెర తీసి, పిచ్చుక గౌను అంచు పట్టుకుని టకటకా కుట్లు విప్పింది. తెరలు గాలికి ఎగరకుండా అంచులో పెట్టి కుట్టే సీసం బిళ్ళలు ఒక్కొక్కటే బల్ల మీద రాలాయి. అంగుళానికొకటి, తేడా లేకుండా. తొమ్మిది వందల గ్రాములు.

“ఓసి నీ దుంపతెగ!” అంది అమ్మమ్మ.

“కోపంలో ఏదో అనేశాను. అన్న మాట వెనక్కి తీసుకోడం నాకు చేతకాదని నీకు తెలుసుగా!” అంది కూతురు. “ఇది బరువు పెరక్కపోతే నిన్ను పంపించాలి. పంపించేసి, సాయంత్రం ఆ ఇంటికి నేనెలా వస్తాననుకున్నావు?”

డాక్టరు రబ్బరు పట్టీ విప్పేశాడు. “మిగిలింది రెండు వందల గ్రాములు” అన్నాడు. “ఈ వయసు పిల్ల నెలకి పెరగాల్సింది అటూ ఇటూగా అంతే.”

“మరి ఈ తొంభై గడుల సంగతో?” డైటీషియన్ చార్టు పైకెత్తింది. “ఇదంతా ఎవరు తిన్నారు?”

“తిన్నదెవరని మీరడగలేదుగా తల్లీ” అంది అమ్మమ్మ. “మిగిలింది అడిగారు. మిగల్లేదు.”

అల్లుడు తన చొక్కా బొత్తాల వైపు చూసుకున్నాడు. కూతురు నడుముకి కట్టిన బెల్టుని పైట సర్దినట్టు సర్దుకుంది. ఎవరి పూట వాళ్ళే తిన్నారని వేరే చెప్పక్కర్లేకపోయింది.

డైటీషియన్ కళ్ళు మూసుకుని తెరిచింది. “ఒక్క మాట చెప్పండి. పిడికెడు అన్నాను కదా, ఎవరి పిడికెడు పెట్టారు?”

“నాదే” అంది అమ్మమ్మ. “నాది” అంది కూతురు. అల్లుడు పిడికిలి బిగించి చూపించాడు. అది చిన్న గుమ్మడికాయంత ఉంది.

“పాపా, నీ పిడికిలేదమ్మా?”

పిచ్చుక చెయ్యి మూసి దాని పక్కన పెట్టింది. నిమ్మకాయంత.

“పిల్లకి పిల్ల పిడికెడు!” అంది డైటీషియన్. “తనకెంత కావాలో సరిగ్గా అంతే తిని, మీ పిడికెళ్ళు మీకు వదిలేసింది. ఏం పెట్టాలో చూడ్డం పెద్దవాళ్ళ పని, ఎంత తినాలో చూసుకోవడం తన పని. ఈ ఇంట్లో తన పని తను చేసింది ఈ పాపొక్కతే. ఇక మీరు ముగ్గురూ వరసగా తూకమెక్కండి.”

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమయింది. తాళం ఉంది, తాళంచెవులున్నాయి. తలుపుకి మాత్రం మేకులున్నాయి. సుత్తి కిటికీ అవతల నేల మీద, చేతికి అందకుండా, అందరికీ కనిపిస్తూ పడి ఉంది. పిచ్చుక కోసం వెంట తీసుకెళ్ళిన భోజనం డబ్బా విప్పుకుని నలుగురూ మెట్ల మీదే కూచున్నారు. పిల్ల పిడికిలితో కొలిచి పెడితే అది మొత్తం తినేసి, ఇంకో రెండు బఠానీలు తనే అడిగి పుచ్చుకుంది. మిగతాది ముగ్గురూ పంచుకున్నారు, ఈసారి ఒకరి ఎదురుగా ఒకరు.

“సందు చివర దుకాణంలో సుత్తి అడిగి తెస్తాను. వెళ్తున్నా” అని లేచాడు అల్లుడు.

“ఏమిటీ?” అంది అమ్మమ్మ.

“వెళ్ళొస్తానత్తయ్యా.”

కూతురు కొత్త చార్టు మోకాలి మీద పెట్టుకుని మొదటి గడులు నింపింది. చివరి గడి దగ్గర ఆగి, చెయ్యి అడ్డం పెట్టి ఒక్క మాట రాసింది. అమ్మమ్మ ఆ చెయ్యి పక్కకి తోసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. మిగిలినది: అమ్మమ్మ.

“తప్పు రాశావే” అంది, కళ్ళు తుడుచుకుంటూ. “ఇది తిండి గడి. క్లినిక్ ఆవిడ చూస్తే కొట్టేస్తుంది.”

మరుసటి నెల డైటీషియన్ ఆ గడి చూసింది, కొట్టెయ్యలేదు, ఎర్రసిరాతో పక్కనే ‘ఉండనివ్వండి’ అని రాసి సంతకం పెట్టింది.